పండక్కి ఒక కార్డు కుట్టండి

చిరంజీవులైన మా కృష్ణాతీరపు పిల్లలకు,

కార్తీక దీపాలు కృష్ణలో వదలడం అయింది. ఇంకొన్నాళ్ళలో నెలగంట పెడతారు, వాకిళ్ళలో ముగ్గులు పెద్దవవుతాయి. సంక్రాంతి ఇంకా దూరంగా ఉండగానే ఈ ఉత్తరం రాయడానికి కారణం ఉంది. నేను అడగబోయే పని పండగ ముందు వారంలో మొదలుపెడితే తెమలదు. దానికి కొన్ని వారాల సాయంత్రాలు కావాలి.

అడిగేదేమిటంటే, ఈ సంక్రాంతికి మీ చేత్తో ఒక గ్రీటింగ్ కార్డు కుట్టండి. గళ్ళ గుడ్డ మీద క్రాస్ కుట్టుతో చిన్న బొమ్మ కుట్టి, దాన్ని మందపాటి కాగితంలో కిటికీ కోసి బిగించి, లోపల నాలుగు మాటలు రాసి, స్టాంపు అంటించి పోస్టులో వెయ్యండి. ఒక్క కార్డు చాలు. ఆడపిల్లలకే చెబుతున్నానని మగపిల్లలు పేజీ తిప్పెయ్యవద్దు, మీ సంగతి ముందు ముందు రాస్తాను.

నేను బెజవాడలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో క్రాఫ్టు టీచరుగా చేసి రిటైరయ్యాను. టైలరింగు-ఎంబ్రాయిడరీలో లోయరు, హయ్యరు పరీక్షలు రాసి, ఆ మీదట వేసవిలో 42 రోజుల టీటీసీ అనే టీచరు శిక్షణ పూర్తిచేస్తే మా ఉద్యోగాలకు అర్హత వచ్చేది. పరుగు కుట్టు, కాడ కుట్టు, గొలుసు కుట్టు నేర్పాక గళ్ళుండే మ్యాటీ గుడ్డ చేతికిచ్చేవాళ్ళం. లెక్కల సిలబస్ మిగిలిపోతే మొదట పోయేది మా పీరియడే. ఆ బాధ నాకిప్పటికీ ఉంది. గళ్ళు లెక్కపెట్టి కుట్టే పిల్లకు లెక్కలు ఎక్కడికీ పోవని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతాను.

మీ అమ్మమ్మల ఇళ్ళకు వెళ్ళినప్పుడు గోడలు చూడండి. గుడివాడైనా, అవనిగడ్డైనా, కంకిపాడైనా, ఏదో ఒక ఇంట్లో గాజు పలక వెనక రెండు హంసలో, గులాబీల బుట్టో, జంట చిలకలో, ‘వెల్‌కం’ అన్న ఇంగ్లీషు అక్షరాలో మ్యాటీ గుడ్డ మీద కనిపిస్తాయి. పెళ్ళికి ముందు కుట్టినవి కొన్ని, బాలింతగా పుట్టింట్లో ఉన్నప్పుడు కుట్టినవి కొన్ని. దగ్గరికెళ్ళి చూస్తే బొమ్మంతా చిన్న చిన్న ఇంటూ మార్కులు. అదే క్రాస్ కుట్టు. ఒక్కో గడికి ఒక్కో ఇంటూ. ఫోను తెర మీద బొమ్మను పెద్దది చేస్తూ పోతే చివరికి చదరాలు కనిపిస్తాయి చూశారా, ఇదీ అలాంటిదే. పిక్సెల్ ఆటలు ఆడిన మీకు ఈ కుట్టు మా తరంకన్నా తొందరగా పట్టుబడుతుంది.

ఇది ఏదో దొరలు తెచ్చిన పని అనుకోకండి. మన కృష్ణమ్మ బెజవాడకు రాకముందు దాటి వచ్చే ఉత్తర కర్ణాటకలో కసూతి అని ఒక కుట్టుపని ఉంది. అందులో నాలుగు రకాల కుట్లుంటాయి: గవంటి, ముర్గి, నేయ్గె, మెంతి. ఆ మెంతి మన క్రాస్ కుట్టే. గుడి గోపురం, రథం, తులసికోట, ఏనుగు, ఇవన్నీ గుడ్డపోగులు లెక్కపెట్టుకుంటూ చీరల మీద కుడతారు. మన లంబాడీ ఆడవాళ్ళ కుట్టులో అద్దాల పక్కన క్రాస్ కుట్టు కూడా ఉంటుంది. దూరం వెళితే పాలస్తీనా ఆడవాళ్ళ తత్రీజ్ కుట్టులో ముఖ్యమైనది ఇదే. యునెస్కో దాన్ని 2021లో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ గౌను మీది కుట్టును చూసి తొడుక్కున్నామెది ఏ ఊరో చెప్పగలిగేవారట. ఈ మాట గుర్తుంచుకోండి, డిజైను ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది.

కుట్టుతో కబురు చెప్పడమూ పాతదే. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఉంది. అక్కడ జేన్ బాస్టాక్ అనే ఆమె 1598లో కుట్టిన నమూనా గుడ్డ ఒకటి దాచారు. తేదీ వేసిన ఇంగ్లండు నమూనా గుడ్డల్లో దానికన్నా పాతది తెలియదు. లినెన్ గుడ్డ, పట్టుదారం. జంతువులు, పూలు, అక్షరాలు, వాటితోపాటు ఒక కబురు: ఆలిస్ లీ అనే పాప 1596 నవంబరు 23, మంగళవారం మధ్యాహ్నం పుట్టిందని. ఇంకేం కావాలి? కుట్టినామె పేరు ఉంది, ఎవరి కోసమో ఆ పేరు ఉంది, సందర్భం ఉంది, తేదీ ఉంది. నాలుగు వందల ఏళ్ళు దాటినా ఆ గుడ్డ ఎవరు ఎవరికి ఏమి చెప్పుకున్నారో చెబుతూనే ఉంది. నా లెక్కన అది గ్రీటింగ్ కార్డే.

అచ్చు కార్డు పుట్టుక వేరే కథ. 1843లో హెన్రీ కోల్ అనే ఇంగ్లీషాయన క్రిస్మస్‌కు అందరికీ ఉత్తరాలు రాసే తీరిక లేక, జాన్ హార్స్‌లీ అనే చిత్రకారుడితో బొమ్మ గీయించి వెయ్యి కార్డుల దాకా అచ్చువేయించాడు. తను వాడగా మిగిలినవి ఒక్కోటి ఒక షిల్లింగుకు అమ్మారు. మొదటి అచ్చు క్రిస్మస్ కార్డు అదే. అంతకు మూడేళ్ళ ముందు, 1840లో, పెన్నీ తపాలా వచ్చి ఉత్తరాలు చవకయ్యాయి. చవకయ్యేసరికి ఉత్తరాలు పెరిగాయి, పెరిగేసరికి జవాబులు రాయలేక కార్డు వచ్చింది. ఆ కోల్‌గారే తరవాత, ఇప్పుడు జేన్ బాస్టాక్ గుడ్డ ఉన్న ఆ మ్యూజియానికి మొదటి డైరెక్టరు అయ్యాడు. అంటే టైము మిగుల్చుకోవడానికి కార్డు కనిపెట్టినాయన నిలబెట్టిన చోటే, టైము పోసి కుట్టిన గుడ్డ కూడా ఉంది.

మన బీసెంటు రోడ్డులో డిసెంబరు ఆఖరుకు కార్డుల బల్లలు వెలిసిన రోజులు మీ అమ్మానాన్నలకు గుర్తుంటాయి. అచ్చు కార్డే అయినా వెళ్ళి, పది తిరగేసి, ఇది బావకు, ఇది మాస్టారికి అని ఏరుకునేవాళ్ళు. ఇప్పుడు భోగి తెల్లవారుజామున ఫోను తెరిస్తే ఒకే గంగిరెద్దు బొమ్మ నలభై మంది దగ్గర నుంచి వస్తుంది. పంపినవాళ్ళ మీద నాకు కోపం లేదు. కాని ఆ బొమ్మ చూస్తే ఒక్క నిమిషమైనా నా గురించి తలుచుకున్నారన్న నమ్మకం నాకు కలగదు. కుట్టిన కార్డు చేతికొస్తే ఆ నమ్మకం అడక్కుండానే కలుగుతుంది. ఒక్కో గడీ లెక్కపెట్టినంతసేపూ ఆ మనిషి మీ మనసులోనే ఉంటారు. మీరు ఇచ్చేది ఆ సమయమే.

అందుకే సూది పట్టకముందు కాగితం మీద ఒక పేరు రాయండి. డిజైను తరవాత. పేరు ముందు. మీ ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న నాయనమ్మ కావచ్చు, అయిదో తరగతిలో మీ చెయ్యి పట్టి రాయించిన మాస్టారు కావచ్చు, డల్లాసులో ఉద్యోగం చేస్తూ మూడేళ్ళుగా పండక్కి రాలేకపోయిన అక్క కావచ్చు. మాటలు తెగిపోయిన స్నేహితుడైతే మరీ మంచిది. ఫోనులో ఎత్తుకోలేని మాట కార్డుతో మొదలవుతుంది.

ఇక బొమ్మ. ఇంటర్నెట్టులో వెతికితే మంచు మీద ఇల్లు, ఎర్ర టోపీ తాత, హృదయం పట్టుకున్న ఎలుగుబంటి దొరుకుతాయి. ఫోటో ఇస్తే నలభై రంగుల్లో గళ్ళ చార్టుగా మార్చి ఇచ్చే యాప్‌లూ ఉన్నాయి. రెండూ వద్దు. మొదటి కార్డుకు నాలుగైదు రంగులు మించకూడదు. బొమ్మ మన ఊరిదై ఉండాలి.

అన్నిటికన్నా నాకిష్టమైనది ముగ్గు. చుక్కల ముగ్గును గళ్ళ కాగితం మీదికి ఎక్కించడం ఎంత తేలికో చూడండి. ఏడు చుక్కలు, ఏడు వరుసలు, సరిచుక్కల ముగ్గు తీసుకోండి. చుక్కకూ చుక్కకూ మధ్య నాలుగేసి గళ్ళ దూరం పెట్టండి. ఏడు చుక్కలకు మధ్య దూరాలు ఆరు, ఆరు నాలుగులు ఇరవైనాలుగు, మొదటి చుక్క గడి కలిపితే 25. అంటే ముగ్గు మొత్తం 25 గళ్ళ వెడల్పు, 25 గళ్ళ ఎత్తు. నిలువు గీతలు, అడ్డ గీతలు, మూలగా పోయే గీతలు ఉన్న ముగ్గయితే గళ్ళలో చక్కగా వస్తుంది. మెలికల ముగ్గు మాత్రం ఎంచుకోకండి. ఆ వంపులు గళ్ళలో మెట్లు మెట్లుగా విరిగిపోయి ముగ్గు ముఖమే మారిపోతుంది. తామరపూల ముగ్గుకైతే రేకుల కొనలు కోణంగా మార్చుకుంటే సరిపోతుంది.

కనుమనాడు వేసే రథం ముగ్గు కుట్టేవాళ్ళుంటే వాళ్ళకొక సలహా. రథం తాడును మన వాకిట్లో ఆపం కదా, పక్కింటి ముగ్గుదాకా లాక్కుపోతాం. కార్డులో కూడా ఆ తాడును గుడ్డ అంచుదాకా కుట్టండి. అక్కడి నుంచి కాగితం మీద అదే రంగు పెన్నుతో గీత లాగి, కార్డు తెరిచాక లోపల మీరు రాసిన మొదటి అక్షరం దగ్గర ముగించండి. అందుకున్నవాళ్ళకు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

ముగ్గు వద్దనుకుంటే ఇంకా ఎన్నో ఉన్నాయి. కొండపల్లి అంబారీ ఏనుగు గళ్ళలో అద్భుతంగా కుదురుతుంది. తెల్లపొణికి చెక్కతో చేసే ఆ బొమ్మల్లో రంగులు ముద్దలు ముద్దలుగా, నీడలు లేకుండా ఉంటాయి కాబట్టి నాలుగు దారాలతో పనైపోతుంది. కైకలూరు వైపువాళ్ళు ఆటపాకలో గూడబాతులను చూసే ఉంటారు. ఆ పొడుగు ముక్కు, దాని కింద సంచి, తెల్లటి ఒళ్ళు లేత నీలం గుడ్డ మీద ఎంత బాగుంటాయో. దివిసీమవాళ్ళు తాడిచెట్ల వరస కుట్టండి. బెజవాడవాళ్ళు ప్రకాశం బ్యారేజీ కుట్టాలనుకుంటే 70 గేట్లూ పట్టవు, ఏడు కుట్టినా మనవాళ్ళు గుర్తుపడతారు. వరికోతలయ్యాక పొలంలో నిలబెట్టిన గడ్డివాము నేను ఒక్క కార్డులోనూ చూడలేదు. ఎవరైనా కుడితే సంతోషిస్తాను.

బొమ్మ కింద అయిదు వరుసలు ఖాళీ వదిలి, పన్నెండు వరుసల ఎత్తులో ఆ మనిషి పేరులో మొదటి అక్షరం కుట్టండి. తెలుగు అక్షరం గుండ్రనిది కాబట్టి ఎనిమిది గళ్ళలో ఇమడదు, పన్నెండైనా కావాలి. తలకట్టును గళ్ళు నింపి కుట్టకండి, ఒంటి పోగుతో వెనక కుట్టు వేస్తే అక్షరం స్పష్టంగా వస్తుంది. ముగ్గు 25, ఖాళీ 5, అక్షరం 12, మొత్తం 42 వరుసలు.

ఇప్పుడు గుడ్డ. ఐడా గుడ్డ అని అడగండి. దాని మీద 14 అని ఉంటే అంగుళానికి 14 గళ్ళని అర్థం. మన 42 వరుసలను 14తో భాగిస్తే మూడంగుళాలు. 28 గళ్ళ వెడల్పు పెట్టుకుంటే రెండంగుళాలు. కార్డుకు అది సరిగ్గా సరిపోయే కొలత. ఐడా దొరక్కపోతే మ్యాటీ గుడ్డతో కానివ్వవచ్చు కాని, కొనేముందు స్కేలు పెట్టి అంగుళంలో ఎన్ని గళ్ళున్నాయో నిలువూ అడ్డమూ రెండూ లెక్కపెట్టండి. కొన్ని మ్యాటీ గుడ్డల్లో ఒకవైపు 11, రెండోవైపు 12 ఉంటాయి. దానిమీద కుట్టిన చదరపు ముగ్గు పక్కకు సాగిపోతుంది. పైగా అంగుళానికి 11 గళ్ళయితే మూడంగుళాల బొమ్మ కాస్తా నాలుగంగుళాలకు దగ్గరపడి కార్డు కిటికీలో పట్టదు. వన్‌టౌన్‌లో టైలరింగు సామాను అమ్మే దుకాణంలో నిలబడి గళ్ళు లెక్కపెట్టడానికి మొహమాటపడకండి.

దారం ఆరు పోగులతో పేనినది. కట్టకు ఎనిమిది మీటర్లు. మన గుడ్డకు రెండు పోగులే వాడాలి. ఆరూ ఒకేసారి విడదీయకుండా ఒక్కో పోగును పైకి లాగితే చిక్కుపడదు. ఇలా వాడితే ఒక్క కట్టతో వెయ్యి కుట్లు దాటి వస్తాయి, కాబట్టి నాలుగు కట్టలు కొంటే కార్డు అయ్యాక కూడా చాలా మిగులుతుంది. ఎరుపు, ముదురు నీలం దారాలను మాత్రం ముందే తడిపి తెల్లగుడ్డ మీద అద్ది చూడండి. రంగు అంటుకుంటే ఆ దారం వద్దు. సూది మొన మొద్దుగా, బెజ్జం పొడుగ్గా ఉన్నది కావాలి, 24 నంబరు. వాడనప్పుడు గుడ్డకే గుచ్చి వదిలెయ్యకండి. మన గాలిలో తేమకు సూది తుప్పుపట్టి గుడ్డ మీద గోధుమరంగు మచ్చ పడుతుంది, అది ఉతికినా పోదు.

గుడ్డను నాలుగు మడతలు పెట్టి నడుమ గడి గుర్తుపెట్టుకోండి. చార్టులో కూడా నడుమ గడి గుర్తుపెట్టి అక్కడినుంచే మొదలుపెట్టాలి. అంచు నుంచి మొదలెడితే బొమ్మ సగంలో గుడ్డ అయిపోతుంది. చుట్టూ రెండంగుళాలు ఎక్కువ ఉంచుకోండి, కుట్టు రింగులో బిగించడానికి కావాలి. ముడి వెయ్యకూడదు. కార్డు కాగితం కింద ముడి ఎత్తుగా కనిపిస్తుంది. ముడికి బదులు చిట్కా ఒకటుంది: రెండు మూరల ఒంటి పోగు తీసుకుని సగానికి మడిచి, రెండు కొనలూ కలిపి సూదిలోకి ఎక్కించండి. మొదటి కుట్టు వేసేటప్పుడు వెనకవైపు చిన్న ఉచ్చు మిగులుతుంది. సూది వెనక్కి దిగినప్పుడు ఆ ఉచ్చులోంచి దూర్చి లాగితే దారం బిగుసుకుంటుంది. చేతికి మూరెడు దారం. అంతకన్నా పొడుగైతే గుడ్డలోంచి దూరి దూరి నూగులేచి మెరుపు పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం చెబుతున్నాను. ఇంటూలో కింది గీత ఒకవైపు వాలితే పై గీత రెండోవైపు వాలుతుంది. ఆ పై గీతలన్నీ, మొదటి కుట్టు నుంచి చివరి కుట్టుదాకా, ఒకేవైపు వాలాలి. ఈ దారానికి మెరుపుంది, వాలు మారిన చోట వెలుతురు వేరేగా పడి బొమ్మలో మచ్చలా తెలుస్తుంది. ఒకే రంగు వరసగా ఉంటే ముందు కింది గీతలన్నీ ఒకవైపు వేసుకుంటూ వెళ్ళి, వెనక్కి వస్తూ పై గీతలు వెయ్యండి. దారాన్ని మరీ బిగించకండి, గడి రంధ్రాలు పెద్దవవుతాయి. వెనకవైపు నాలుగైదు గళ్ళు దాటి దారం లాగకండి, ముదురు దారమైతే తెల్లగుడ్డలోంచి ముందుకు కనబడుతుంది. కసూతి కుట్టేవాళ్ళు ముడులు వెయ్యరు, గవంటి, ముర్గి కుట్లయితే ముందూ వెనకా ఒకలాగే ఉంటాయి. మీ గుడ్డ వెనకవైపు కార్డులో ఎవరికీ కనిపించదు, అయినా శుభ్రంగా ఉంచండి.

కుట్టడం పూర్తయ్యాక చన్నీళ్ళలో సబ్బు నురగతో మెల్లగా ముంచి తీసి, తువ్వాలు మీద బొమ్మ కిందికి ఉండేలా బోర్లా పరిచి వెనకవైపు ఇస్త్రీ చెయ్యండి. నేరుగా బొమ్మ మీద ఇస్త్రీ పెడితే కుట్లు అణిగిపోతాయి.

కార్డు కాగితానికి 250 జీఎస్‌ఎం మందం బాగుంటుంది. కొత్తది కొనక్కర్లేదు. బెజవాడ నిండా ముద్రణాలయాలే. శుభలేఖలు అచ్చువేసేచోట కోయగా మిగిలిన మంచి ముక్కలు అడిగితే ఇస్తారు. ఏ4 కాగితం పొడవు 29.7 సెంటీమీటర్లు. మూడు మడతలు చేస్తే ఒక్కోటి 9.9. ఎత్తు 14కు కోసుకోండి. మడత పెట్టాల్సినచోట స్టీలు స్కేలు ఆనించి సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీస్తే కాగితం పగలకుండా మడత పడుతుంది. నడిమి మడతలో ఆరు సెంటీమీటర్ల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తున్న కిటికీ కొయ్యండి. కిటికీని కొంచెం పైకి జరిపితే చూపుకు బాగుంటుంది. గుడ్డను కిటికీకన్నా అన్నివైపులా ఒకటిన్నర సెంటీమీటరు ఎక్కువ ఉంచి కత్తిరించి, లోపలివైపు రెండువైపులా జిగురుండే టేపుతో అంటించండి. ఫెవికాల్ వద్దు. తడికి కాగితం అలలు తేలుతుంది, జిగురు గుడ్డలోంచి ముందుకు ఊరుతుంది. గుడ్డ వెనక పలచటి ఫ్లానెల్ ముక్క పెడితే బొమ్మ కొంచెం ఉబ్బి అందంగా ఉంటుంది. లోపలివైపు నుంచి చూస్తే ఎడమ మడత కిటికీ వెనక్కి మూసుకుని కుట్టు వెనకభాగాన్ని కప్పేస్తుంది. ఆ మడతను రెండు మిల్లీమీటర్లు తగ్గించి కొయ్యండి, లేకపోతే కార్డు మూసుకోదు. కుడి మడతలో మీ మాటలు రాస్తారు.

మగపిల్లలకు చెబుతానన్నది ఇదీ. పెడనలో టేకు అచ్చులతో కలంకారీ గుడ్డ మీద ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు అద్దుతున్నది ఎవరు? మంగళగిరిలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నది ఎవరు? మీ అక్క పెళ్ళి జాకెట్టుకు మగ్గం వర్కు చేసిన కుర్రవాళ్ళు ఎవరు? దారం పట్టుకుంటే మగతనం పోతుందన్న మాట మన డెల్టాలో ఎవరూ అనడానికి వీల్లేదు. మీరూ కుట్టండి, అమ్మకు కుట్టి ఇవ్వండి. మీ అమ్మకు మీ చేత్తో కుట్టినది ఇంతవరకూ ఏమీ అంది ఉండదు.

ఇంకొకటి. రెండు కార్డులు బాగా కుదరగానే, వీటిని అమ్మితే ఎంత వస్తుందని అడుగుతారు. తప్పేమీ లేదు. కాని అంతకంటే ముందు గోదావరి వైపు చూడండి. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళు 19వ శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చిన లేసు అల్లిక తరతరాలుగా చేస్తున్నారు. వ్యాపారి దారం ఇస్తాడు, ఇంట్లో కూర్చుని అల్లుతారు, ముక్కకింతని లెక్క. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడికి వచ్చి వాళ్ళ మీద రాసిన పుస్తకం 1982లో వెలువడింది. ఇంటి ఆడవాళ్ళు తీరికవేళ చేసుకునే పనిగా లెక్కకట్టి, లోకమంతా అమ్ముడుపోయే సరుకుకు వాళ్ళ చేతికి ఎంత కొంచెం ఇస్తున్నారో ఆమె చూపించింది. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. అల్లినామె చేతికి ఏం వచ్చిందన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఒక్క కార్డు సొంతంగా కుట్టినవాళ్ళకు అయిదు వందల కుట్లంటే ఎన్ని సాయంత్రాలో వేళ్ళకు తెలుస్తుంది. ఆ తరవాత ఎగ్జిబిషనులో లేసు టేబుల్‌క్లాతు ముందు నిలబడి సగం ధరకు అడగలేరు. మీరు సొంత పని అమ్ముకునేటప్పుడు కూడా దారం ఖరీదుతోపాటు మీ సాయంత్రాలను లెక్కలో వెయ్యండి.

లోపల ఏం రాయాలి? ‘సంక్రాంతి శుభాకాంక్షలు’ చాలదు, అది బొమ్మే చెప్పింది. మీకూ ఆ మనిషికీ మాత్రమే తెలిసిన ఒక సంగతి రాయండి. నాయనమ్మకైతే ఆవిడ చేసిన అరిసెల పాకం గురించి, మాస్టారికైతే ఆయన దిద్దిన ఒక తప్పు గురించి. తెలుగులో, చేత్తో, తేదీ వేసి, మీ పేరు పూర్తిగా రాయండి. జేన్ బాస్టాక్ పేరు మనకు తెలిసింది ఆమె తన పేరు కుట్టబట్టే.

బరువు లెక్క కూడా చెబుతాను. 250 జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం 250 గ్రాములని. మన కార్డు కాగితం పది గ్రాములకు కొంచెం ఎక్కువ తూగుతుంది. గుడ్డ, కవరు కలిపినా ఇరవై గ్రాముల లోపే ఉండాలి. దాటితే ఇంకో స్టాంపు పడుతుంది కాబట్టి పోస్టాఫీసు కిటికీ దగ్గర తూయించుకోండి. పూసలు, అద్దాలు పెట్టకండి, ముద్ర కొట్టేటప్పుడు పగిలి బొమ్మను చీలుస్తాయి.

అమెరికాలో ఉన్నవాళ్ళకైతే డిసెంబరు మొదటి వారంలోనే వెయ్యండి. కాబట్టి వాళ్ళకు కుట్టేవాళ్ళు ఈ రోజే మొదలుపెట్టాలి. మన రాష్ట్రంలోవాళ్ళకు జనవరి 7 లోపు డబ్బాలో పడితే భోగికి చేరుతుంది. ఈ ఉత్తరం మడిచి పక్కన పెట్టే ముందు, ఎవరికి కుడతారో ఆ పేరు ఒక్కటి కాగితం మీద రాయండి.

ఆశీస్సులతో,
మీ కుట్టు టీచరమ్మ
సత్యనారాయణపురం, విజయవాడ